ఇంట్లో చేసిన బీరు పాడైందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) మూత తీయగానే పైన ఏదో తెల్లగా తేలుతూ కనిపిస్తే, ఇది పాడైనట్టేనా, పారబోయాలా అన్న ప్రశ్న ఇంట్లో బీరు చేసేవారిలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అలా అడిగేవారిలో చాలామంది బీరుకు నిజానికి ఏమీ కాలేదు. కొందరు బాగున్న బీరును తొందరపడి తూములో పోసేస్తుంటే, మరికొందరు నిజంగా పాడైన దానిని గమనించక సీసాల్లో నింపుతున్నారు. ఈ రెండోది ప్రమాదకరం కూడా. కంటికి కనిపించేది అనుమానం మాత్రమే కలిగిస్తుంది. ఆ అనుమానాన్ని తేల్చవలసినవి వాసన, రుచి, అన్నిటికన్నా ముఖ్యంగా కొన్ని రోజుల ఎడంతో తీసిన గ్రావిటీ కొలతలు, అంటే నీటితో పోలిస్తే బీరు ఎంత సాంద్రంగా ఉందో చెప్పే అంకెలు (నీటిది 1.000, చక్కెర పులిసేకొద్దీ బీరుది తగ్గుతుంది). కింది మెట్లను ఇచ్చిన వరుసలోనే పాటించండి.

కావలసినవి

- హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే సాధనం), అది తేలడానికి సరిపోయే పొడవాటి గొట్టం
- థర్మామీటర్
- నమూనా తీయడానికి శానిటైజ్ చేసిన గొట్టం లేదా పెద్ద పిపెట్
- ఆమ్ల రకం లేదా అయోడిన్ రకం శానిటైజర్
- టార్చిలైటు
- మూతలున్న చిన్న గాజు సీసాలు రెండు
- ఆ బ్యాచ్ గురించి మీరు రాసుకున్న వివరాలు: మొదటి గ్రావిటీ, వాడిన ఈస్ట్, తేదీలు, ఉష్ణోగ్రతలు

పీహెచ్ మీటర్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. లిట్మస్ తరహా కాగితాలు కొనవద్దు. ఇక్కడ మనం పట్టుకోవలసిన తేడా 4.3కూ 3.7కూ మధ్య ఉంటుంది. బీరు రంగు అంటుకున్న కాగితం మీద అంత చిన్న తేడాను గుర్తుపట్టడం కష్టం. సూక్ష్మదర్శిని కూడా అవసరం లేదు.

1. ముందు మీ పుస్తకం తెరవండి, ఆ తరువాతే మూత

ఈస్ట్ వేసి ఎన్ని రోజులైందో చూడండి. మొదటి వారంలో పైన కనిపించే వికారమైన దృశ్యాల్లో చాలా వరకు ఈస్ట్ చేసే పనే. ఎయిర్‌లాక్‌లో (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం) బుడగలు ఆగిపోయి మళ్లీ మొదలయ్యాయని కంగారుపడకండి. గది వేడెక్కితే బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, వాతావరణ పీడనం తగ్గినా అంతే. పులియడం ముగిశాక హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి ఉంటే, వాటిలోని ఎంజైములు మిగిలిన పిండి గొలుసులను కొద్దిగా విడగొట్టడం వల్ల గ్రావిటీ మళ్లీ కొన్ని పాయింట్లు (0.001 ఒక పాయింటు) దిగవచ్చు. దీనినీ ఇన్ఫెక్షన్‌గా పొరబడేవారు ఉన్నారు. ఏ రోజు ఏం వేశారో రాసుకోని వారికి ఈ తేడా తెలియదు.

2. పైపొరను టార్చి వెలుగులో చూడండి

వీలైతే మూత తీయకుండా గాజు గోడలోంచి చూడండి. తీయక తప్పకపోతే కొద్దిసేపే తీసి, గట్టిగా మూసేయండి. రోజుకు నాలుగుసార్లు తీసి చూసేవారు లేని ఇన్ఫెక్షన్‌ను గాలితో పాటు తామే లోపలికి పంపుతారు.

సాధారణంగా కనిపించేవి ఇవి: గోధుమ రంగు జిగురు నురుగు, అది దిగిపోయాక గోడకు అంటుకున్న వలయం, లేత గోధుమ రంగులో తేలే ఈస్ట్ ముద్దలు, ఆకుపచ్చని హాప్స్ పొడి, ప్రోటీన్ తునకలు, తేటగా ఉండి ముట్టుకుంటే పగిలిపోయే బుడగలు. కోల్ష్ తరహా ఈస్ట్‌లు, గోధుమ బీరు ఈస్ట్‌లు నురుగును వారాల తరబడి పైనే నిలిపి ఉంచవచ్చు. అందువల్ల నురుగు దిగకపోవడం ఒక్కటే లోపం కాదు.

అనుమానించవలసినది పెల్లికిల్ అనే పొర. గాలి తగిలే చోట బ్రెటనోమైసెస్ వంటి అడవి ఈస్ట్‌లు, కొన్ని బాక్టీరియాలు దీనిని అల్లుతాయి. ఇది చల్లారిన పాల మీద మీగడలా పలుచగా, ముడతలు పడి, మెరుపు లేకుండా తెల్లగా ఉంటుంది. దాని కింద చిక్కుకున్న పెద్ద బుడగలు పగలకుండా గుమ్మటాల్లా నిలబడి, వాటి మీద పొడి చల్లినట్టు కనిపిస్తుంది. కొన్నిసార్లు పొర పూర్తిగా ఏర్పడక, సన్నని తెల్లటి గీతలు మాత్రమే గోడ నుంచి లోపలికి పాకుతాయి.

తేడా తెలియకపోతే ఫెర్మెంటర్‌ను మెల్లగా ఒకసారి పక్కకు వంచి నిలబెట్టండి. ఈస్ట్ ముద్దలైతే విడిపోయి చాలా వరకు అడుగుకు చేరతాయి. పెల్లికిల్ అయితే పలకలుగా చీలి, కొన్ని రోజుల్లో మళ్లీ అతుక్కుంటుంది. కుదపవద్దు, ఈ దశలో ఆక్సిజన్ కలిస్తే మంచి బీరు కూడా పాతబడిన రుచికి వస్తుంది.

బూజు వేరు. అది నూగుతో, గుండ్రని మచ్చలుగా, ఆకుపచ్చ, నీలం, నలుపు లేదా దూదివంటి తెలుపు రంగులో ఉంటుంది. ఎక్కువగా తేలుతున్న పండ్ల ముక్కల మీదా, బీరుకు పైనున్న తడి అంచుల మీదా మొలుస్తుంది.

పొర కనిపించలేదు కనుక ఇన్ఫెక్షన్ లేదని మాత్రం అనుకోవద్దు. గాలి చేరని పాత్రలో పెల్లికిల్ ఏర్పడకుండానే బాక్టీరియా పెరగగలదు.

3. వాసన చూడండి

ఫెర్మెంటర్‌లోకి ముఖం పెట్టి గట్టిగా పీల్చవద్దు. లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ముక్కును మండిస్తుంది, తల తిప్పుతుంది, పైగా అసలు వాసనను కప్పేస్తుంది. శానిటైజ్ చేసిన గొట్టంతో కొంత బీరును గ్లాసులోకి తీసుకుని, అరచేత్తో మూసి కొద్దిగా తిప్పి, అప్పుడు చూడండి. పొర ఉంటే దాని కింద నుంచి తీయండి.

ముక్కును గుచ్చే వెనిగర్ వాసన వస్తే అసిటోబాక్టర్ అనే బాక్టీరియా చేరిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. దానికి ఆక్సిజన్ కావాలి కనుక గాలి ఎక్కడ నుంచి దూరిందో కూడా వెతకాలి. పశువుల కొట్టం, తడి తోలు వంటి వాసన బ్రెటనోమైసెస్‌ది. వాంతి వాసన వస్తే ఇక ఆలోచించవలసినది లేదు. లవంగం లేదా పొగ వాసన, ఆ గుణం లేని ఈస్ట్ వాడినప్పుడు వస్తే, అడవి ఈస్ట్‌ను అనుమానించాలి. గోధుమ బీరు ఈస్ట్‌లోనైతే లవంగం వాసన రావడమే సరైనది.

ఇన్ఫెక్షన్ అని నింద పడేవి, కానీ చాలాసార్లు మరో కారణంతో వచ్చేవి ఇంకా ఉన్నాయి. కుళ్లిన గుడ్డు వాసన చల్లగా పులిసే లేగర్ బీరు ఈస్ట్‌లకు మామూలే, కొద్ది వారాల్లో పోతుంది. పచ్చి ఆపిల్ వాసన బీరు ఇంకా లేతగా ఉందని చెబుతుంది. ఉడికిన మొక్కజొన్న వాసన ఎక్కువగా మూత పెట్టి మరిగించడం వల్లనో, నిదానంగా చల్లార్చడం వల్లనో వస్తుంది. తడి అట్టపెట్టె వాసన ఆక్సిజన్‌ది. ఆసుపత్రి పట్టీ, మందుల వాసన వస్తే అడవి ఈస్ట్ కన్నా ముందు మీ నీటిలోని క్లోరిన్‌ను, బ్లీచ్‌తో కడిగి సరిగా తొలవని పాత్రను అనుమానించండి.

4. గ్రావిటీ కొలవండి, మళ్లీ కొలవండి

అన్ని పరీక్షల్లోనూ ఎక్కువగా నమ్మవలసినది ఇదే, బద్ధకించి వదిలేసేదీ ఇదే.

ముందు మామూలు నీటిలో హైడ్రోమీటర్ వేసి, దాని మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత దగ్గర 1.000 చూపుతోందో లేదో సరిచూసుకోండి. తరువాత బీరు నమూనాను రెండు గ్లాసుల మధ్య పలుమార్లు పోసి గ్యాసు పోగొట్టండి. బుడగలు హైడ్రోమీటర్‌కు అంటుకుంటే అది పైకి లేచి తప్పు అంకె చూపుతుంది. నమూనాను ఆ ఉష్ణోగ్రతకు తెచ్చి, హైడ్రోమీటర్ కాడకు అంటి పైకి లేచిన అంచు దగ్గర కాక, ద్రవం సమంగా ఉన్న మట్టం దగ్గర చదివి, తేదీతో రాసుకోండి. ఆ నమూనాను తిరిగి ఫెర్మెంటర్‌లో పోయవద్దు.

ఎంత ఉండాలో లెక్క కట్టడం తేలిక. మొదటి గ్రావిటీ 1.050, ఈస్ట్ అటెన్యుయేషన్ (గ్రావిటీలో అది తగ్గించగల వంతు) 75 శాతం అయితే, 1.050 చివరనున్న 50లో నాలుగో వంతు మిగలాలి, అంటే 1.012 లేదా 1.013 దగ్గర ఆగాలి. అక్కడ ఆగి, మూడు రోజుల తరువాత కూడా అదే చూపితే ఈస్ట్ తన పని ముగించింది. కాని చొరబడిన జీవులు నిదానంగా తింటాయి. అందువల్ల అనుమానం ఉన్నప్పుడు మూడు రోజుల ఎడం చాలదు. వారం ఎడంతో కనీసం మూడు కొలతలు తీయండి. 1.012 నుంచి 1.009కి, అక్కడి నుంచి 1.006కి మెట్లు దిగుతున్నట్టు తగ్గుతూ పోతే, మామూలు ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లనే పిండి గొలుసులను మరేదో తింటోంది. అది బ్రెటనోమైసెస్ కావచ్చు, డయాస్టాటికస్ అనే రకం ఈస్ట్ కావచ్చు. ఈ రెండోది చూడటానికి మామూలు ఈస్ట్‌లాగే ఉంటుంది, పొరా కట్టదు, మొదట్లో చెడు వాసనా ఇవ్వదు. దానిని ఇంట్లో నమ్మకంగా బయటపెట్టేది గ్రావిటీయే. అడవి ఈస్ట్‌ల బెడద కొత్తదేమీ కాదు. 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ శుద్ధమైన ఈస్ట్‌ను వేరుచేసి పెంచింది పెద్ద బ్రూవరీలనే వేధించిన ఆ బెడద వల్లనే.

ఇక్కడ పొరబడే సందర్భాలు నాలుగు ఉన్నాయి.

- సేజాన్ అనే బెల్జియన్ తరహా బీరు ఈస్ట్‌లలో చాలా వాటికి డయాస్టాటికస్ గుణం సహజంగానే ఉంటుంది. వాటితో 1.004 కంటే కిందికి దిగడం వింత కాదు.
- మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యాన్ని) 63 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర నానబెట్టినా, చక్కెర ఎక్కువ వేసినా చివరి గ్రావిటీ తక్కువగానే వస్తుంది, కాని వచ్చి ఆగుతుంది.
- కాంతి వంపును బట్టి చక్కెరను కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఆల్కహాలు ఉన్న ద్రవంలో అసలు కంటే ఎక్కువ చూపుతుంది. సవరణ చేయని ఆ అంకెను హైడ్రోమీటర్ అంకెతో పోల్చవద్దు.
- గ్రావిటీ అనుకున్నదానికన్నా పైనే నిలిచిపోతే అది ఎక్కువసార్లు ఈస్ట్ అలసిపోవడం. దానిని ఇన్ఫెక్షన్ లక్షణంగా లెక్కపెట్టకండి.

గ్రావిటీ కదలనంత మాత్రాన అన్ని అనుమానాలూ తీరిపోవు. అసిటోబాక్టర్ ఆల్కహాలును వెనిగర్‌గా మారుస్తుంది, బూజు పైనే ఉంటుంది. ఈ రెండింటినీ హైడ్రోమీటర్ పట్టించలేదు. వాటికి మీ ముక్కూ కళ్లూ కావాలి.

అంత కాలం ఆగలేనివారికి ఒక ప్రత్యామ్నాయం ఉంది. శానిటైజ్ చేసిన చిన్న సీసాలో అంచుదాకా బీరు నింపి, ఎయిర్‌లాక్ పెట్టి, 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనంలో వారం ఉంచండి. అసలు బ్యాచ్ చల్లగా ఉండి కదలకపోయినా, లోపల ఏదైనా ఉంటే ఈ సీసాలో త్వరగా బయటపడుతుంది. సీసాను సగమే నింపితే, ఆ గాలి వల్ల వచ్చే పులుపును మీ బ్యాచ్‌కు అంటగట్టినట్టవుతుంది.

5. పీహెచ్ మీటర్ ఉంటే

మీటర్‌ను 4.01, 7.00 బఫర్ ద్రావణాలతో సరిచేసుకుని, గ్యాసు పోయిన నమూనాలో చూడండి. మామూలు బీరు సుమారు 4.0 నుంచి 4.6 మధ్య ఉంటుంది. కావాలని పుల్లబరచని బీరు 3.8 కిందికి వెళితే లాక్టోబాసిల్లస్ వంటి ఆమ్ల బాక్టీరియాను అనుమానించాలి. పండ్లు వేసి ఉంటే ఈ అంకెకు విలువ లేదు, వాటి ఆమ్లమే పీహెచ్‌ను దించుతుంది.

6. రుచి చూడండి, ఒక్క గుటక మాత్రమే

బూజు కనిపించిన బీరును రుచి చూడవద్దు. కొన్ని బూజులు విషాలను విడుదల చేస్తాయి, అవి పైన తీసేస్తే పోయేవి కావు. మిగిలిన సందర్భాల్లో, పూర్తిగా పులిసిన మామూలు బీరులోని ఆల్కహాలు, ఆమ్లత్వం, హాప్స్ కలిసి రోగకారక బాక్టీరియాను సాధారణంగా బతకనివ్వవు కనుక ఒక గుటకతో భయం లేదు. ఈ మాట ఆల్కహాలు లేని లేదా చాలా తక్కువ ఉన్న బీరుకూ, పులియడం మొదలవని తీపి మాల్ట్ ద్రవమైన వోర్ట్‌కూ వర్తించదు. వాటిని రుచి చూసి పరీక్షించకండి.

పులుపును, వగరును, చేదును వేరు చేసి చూడటం కొత్తవారికి కష్టం. పులుపు నాలుక పక్కలను లాగి నోట్లో నీళ్లూరిస్తుంది. వగరు నోరు ఎండగడుతుంది, అది ఎక్కువసార్లు మాల్ట్ పొట్టు నుంచి వచ్చినదే. చేదు మింగాక గొంతులో మిగులుతుంది. "పుల్లగా ఉంది" అని చెప్పేవారి బీరు తీరా చూస్తే వగరుగా ఉండటం మామూలు విషయం.

గ్లాసులోకి పోస్తున్నప్పుడు ధారను కూడా గమనించండి. బీరు నూనెలా చిక్కబడి తీగలు సాగుతుంటే అది పీడియోకాకస్ అనే బాక్టీరియా పని. దానికి వెన్న వాసన కూడా తోడవుతుంది.

7. వెన్న వాసన ఎవరిదో తేల్చండి

డైఅసిటైల్ అనే వెన్న వాసన ఈస్ట్ పని మధ్యలోనూ వస్తుంది, పీడియోకాకస్ వల్లా వస్తుంది. రెండు చిన్న సీసాల్లో సమానంగా బీరు తీసుకోండి. ఒకదానిని మూత వదులుగా పెట్టి, 60 నుంచి 70 డిగ్రీల వేడి నీటిలో 20 నిమిషాలు ఉంచి, రెండో దానితో సమానంగా చల్లార్చి, రెండింటినీ వాసన చూడండి. బిగించిన సీసాను వేడి చేయవద్దు, పగులుతుంది.

వేడి చేసిన దానిలో మాత్రమే వెన్న వాసన ఉంటే ఈస్ట్ ఇంకా తన పని ముగించలేదు. వెచ్చగా రెండు మూడు రోజులు వదిలి మళ్లీ పరీక్షించండి. రెండింటిలోనూ ఉంటే, బీరు వయసు చూడండి. లేత బీరైతే వేచి చూడాలి. బాగున్న బీరులో నెలల తరువాత వెన్న వాసన కొత్తగా మొదలై, పులుపుతో పాటు పెరుగుతుంటే అది బాక్టీరియాయే.

8. ఇప్పటికే సీసాల్లో నింపి ఉంటే

సీసా మెడలో, బీరు మట్టం దగ్గర తెల్లటి వలయం ఉందేమో వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. నింపేటప్పుడు అంటిన నురుగు మరక కూడా అలాగే ఉంటుంది కనుక వలయాన్ని అనుమానంగానే తీసుకోండి.

మూత తీయగానే పొంగిపోయే సీసాల విషయంలో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్క సీసానే పొంగిందా? అయితే ఆ సీసా మురికిది. కొన్ని పొంగి, కొన్నింటిలో గ్యాసే లేదా? గ్యాసు కోసం సీసాలు నింపేటప్పుడు కలిపే చక్కెర సరిగా కలవలేదు. అన్నీ పొంగుతున్నాయా? అప్పుడు కాలాన్ని చూడండి: చక్కెర ఎక్కువైతే మొదటి వారాల్లోనే పొంగడం మొదలై అక్కడే ఆగుతుంది, ఇన్ఫెక్షన్ అయితే మొదట బాగుండి వారం వారానికి పొంగు పెరుగుతుంది, బీరు పలుచబడుతుంది.

దీనికీ కొలతే ఆధారం. ఒక సీసాను బాగా చల్లబరిచి తెరిచి, గ్యాసంతా పోగొట్టి గ్రావిటీ చూసి, నింపిన రోజున చక్కెర కలపకముందు రాసుకున్న అంకెతో పోల్చండి. చక్కెర పూర్తిగా పులిసిపోతుంది కనుక రెండూ దాదాపు ఒకటిగా ఉండాలి. గ్రావిటీ 0.001 తగ్గితే బీరు పరిమాణంలో సుమారు సగం వంతు కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. లీటరుకు 6 నుంచి 7 గ్రాముల చక్కెరతో మామూలుగా వచ్చేది, ముందే కరిగి ఉన్నదానితో కలిపి, బీరు పరిమాణానికి రెండున్నర రెట్లు. గ్రావిటీ 1.012 నుంచి 1.006కి పడిందంటే దానికి తోడు బీరు పరిమాణానికి మరో మూడు రెట్ల గ్యాసు చేరినట్టే. ఆ ఒత్తిడికి మామూలు గాజు సీసాలు పేలగలవు.

అటువంటి సీసాలను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. రక్షణ కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, సీసాలను మందపాటి గుడ్డతో కప్పి, వీలైతే మూత ఉన్న పెట్టెలో ఉంచి, ఫ్రిజ్‌కు చేర్చండి. పూర్తిగా చల్లబడ్డాకనే, గుడ్డ కప్పి ఉంచే, మూతను కొద్దికొద్దిగా లేపి గ్యాసు వదలండి.

9. ఏది ఉంచాలి, ఏది పారబోయాలి

నూగు బూజు పట్టినదీ, వాంతి వాసన వచ్చేదీ పారబోయండి. వెనిగర్ వాసన తలకెక్కిన బీరు మళ్లీ బీరు కాదు. పెల్లికిల్ ఉన్నా కింద బీరు వాసన, రుచి బాగుంటే, పొరను కదపకుండా కింద నుంచి తీసి, చల్లగా ఉంచి త్వరగా తాగేయవచ్చు. తీగలు సాగే బీరు నెలల తరువాత కొన్నిసార్లు మామూలు చిక్కదనానికి వస్తుంది, దానికి స్థలం, ఓపిక రెండూ ఉండాలి. నా మటుకు అంత ఓపిక ఖరీదైన పుల్ల బీరు మీదనే పెట్టదగినది.

గ్రావిటీ దిగుతూ ఉన్న ఏ బీరునూ సీసాల్లో నింపవద్దు. మళ్లీ మరిగిస్తే సరిపోతుందన్న సలహా వినవద్దు: జీవులు చస్తాయి, ఆల్కహాలు ఆవిరైపోతుంది, చెడిన రుచి మాత్రం అలాగే మిగులుతుంది.

10. ఇన్ఫెక్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి

మొదట ఫెర్మెంటర్ కుళాయి విప్పండి. పూర్తిగా విడదీయకుండా పైపైన శానిటైజర్ పారించే కుళాయిలో, రబ్బరు వాషర్ వెనుక గోధుమ రంగు జిగురు తరచుగా దొరుకుతుంది. శానిటైజర్ మురికి పొర లోపలికి చొరబడలేదు. ముందు కడగాలి, ఆ తరువాతే శానిటైజర్. గీతలు పడిన ప్లాస్టిక్ బకెట్టు, రంగు మారిన సైఫన్ గొట్టం, సీసాలు నింపే గొట్టం మార్చేయడం వాటిని కడిగి ప్రయాసపడటం కన్నా చవక. గాజు, స్టీలు పాత్రలను శుభ్రం చేసి మళ్లీ వాడవచ్చు. బ్లీచ్ వాడితే దానిని వెనిగర్‌తోనూ, ఆమ్ల శానిటైజర్‌తోనూ ఎన్నడూ కలపవద్దు. విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

తరువాతి బ్యాచ్‌లో, ఈస్ట్ వేయడానికి ముందు ఫెర్మెంటర్ నుంచే కొద్దిగా వోర్ట్ తీసి, మరిగే నీటిలో ఉంచి తీసిన సీసాలో పోసి, మూత వదులుగా పెట్టి, 30 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి. తేటగా, కదలిక లేకుండా ఉంటే అప్పటి దాకా మీ శుభ్రత బాగున్నట్టే, లోపం ఆ తరువాతి దశల్లో, అంటే ఈస్ట్, గొట్టాలు, సీసాల్లో వెతకాలి. ఒకటి రెండు రోజుల్లోనే మసకబారి బుడగలు కడితే, చల్లార్చే దగ్గర నుంచి ఫెర్మెంటర్ దాకా ఉన్న దారిని మొత్తం విప్పి కడగండి. ఆ సీసాలోని వోర్ట్‌ను రుచి చూడకుండా, మూడో రోజు దాటనివ్వకుండా తూములో పోయండి.